ఊలు రంగు, నూలు రంగు

చిరంజీవి చిన్నాకు అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉత్తరం నీ పేరునే రాస్తున్నాను గానీ, హైదరాబాదులోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉంటూ, అమ్మమ్మలు ఫోనులో మాట్లాడుతుంటే సగం అర్థమై సగం కాక 'ఆఁ, ఆఁ' అంటూ ఊఁ కొట్టే పిల్లలందరూ దీన్ని తమకు వచ్చిన ఉత్తరంలాగే విప్పి చదువుకోవచ్చు. అక్షరాలు కూడబలుక్కుని నువ్వే చదువుతావో, అమ్మ చేత చదివించుకుంటావో నీ ఇష్టం. తొందరేమీ లేదు.

కాలేజీ దరఖాస్తు కోసం నువ్వు రాసుకున్న వ్యాసం చూశాను నాన్నా. ఇంగ్లీషు టీచరుగా పనిచేసిన అమ్మమ్మ ఉండగా ఇంకొకరికి చూపించడమెందుకని పంపినందుకే నాకు సగం కడుపు నిండింది. కామాలు రెండు మూడు చోట్ల సర్దాను, అంతే. అయితే ఒక వాక్యంలో నీ గురించి నువ్వు 'నేను డైడ్-ఇన్-ద-ఊల్ తెలుగువాణ్ణి కాను, ఇక అయ్యే వయసు కూడా దాటిపోయింది' అని రాశావు. పక్కన 'ఈ మాట ఇక్కడ సరిపోయిందా అమ్మమ్మా?' అని అడిగావు కూడా. సరిపోయింది, రెండు మార్కులు వేసుకో. మాట సరిపోయింది గానీ దానితో నువ్వు తేల్చేసిన విషయం నాకు సరిపోలేదు. అది చెప్పాలంటే ముందు ఆ మాట ఎక్కడిదో చెప్పాలి.

నేను క్లాసులో ఇలాంటి మాటలు చెప్పేటప్పుడు బోర్డుకి అడ్డంగా మూడు గళ్ళు గీసేదాన్ని. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో అర్థం, మూడో గడిలో సొంతవాక్యం. డైడ్ ఇన్ ద ఊల్ అంటే పక్కా, కరడుగట్టిన, ఎన్నటికీ మారని. గంట కొట్టేలోపు అలాంటివి పది అయిపోయేవి. ఊలు ఏమిటి, అందులో రంగేమిటి, రంగు పడ్డ ఊలుకీ మారని మనిషికీ ఏం సంబంధం అని ఒక్క పిల్లవాడూ అడగలేదు, అడిగే వ్యవధి నేనివ్వలేదు. అందులో ఇంకో చిత్రముంది, తరవాత చెప్తాను.

గొర్రె ఒంటి మీంచి ఉన్ని కత్తిరిస్తే అది జిడ్డు కారుతూ, మట్టి పట్టి ఉంటుంది. జిడ్డు వదిలేదాకా కడిగి ఆరబెడతారు. ఇక రంగు ఎప్పుడు వేయాలి అన్నది ప్రశ్న. దారం వడకక ముందే, ఆ విడి ఉన్నిని అలాగే తొట్టెలో ముంచితే అది ఊలులో అద్దడం. వడికాక చిలపలు కట్టి ముంచితే దారంలో అద్దడం. మగ్గం మీంచి దిగిన బట్టని మొత్తంగా ముంచితే తానులో అద్దడం. మూడూ రంగులే, కొత్తలో మూడూ ఒకలాగే మెరుస్తాయి. తేడా వాడుకలో తెలుస్తుంది. నేసిన బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉంటాయి కదా, ఆ సందుల్లోకి రంగునీళ్ళు సరిగా దిగవు. కోటు మోచేతి దగ్గర అరిగేసరికి లోపలి వెలవెల బయటపడుతుంది. విడి ఉన్నిలో అయితే ఒక్కో పోగు చుట్టూ రంగు చేరుతుంది. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ పట్టినా ఏకేటప్పుడు అంతా కలిసి సమమైపోతుంది. తరవాత దాన్ని వడుకు, నెయ్యి, కత్తిరించు, చించు, ఎక్కడ చూసినా అదే రంగు. పాత ఇంగ్లండులో నీలం కోసం వోడ్ అనే మొక్క ఆకులు పులియబెట్టి తొట్టెలు కట్టేవాళ్ళు. మన నీలిమొక్కలో ఉండే రంగే అందులోనూ ఉంటుంది, కాకపోతే బాగా పల్చన. ఆ నీలంలో ఉన్నిని ముందే ముంచి పెట్టుకుని, పైన వేరే రంగులు వేసి ఆకుపచ్చలూ నలుపులూ తీసేవాళ్ళు. అడుగున నీలం గట్టిగా ఉంటేనే పై రంగు నిలిచేది.

ఇదంతా ఎప్పుడో పోయిన ముచ్చట అనుకోకు. స్కాట్లండు పడమటి దీవుల్లో నేసే హారిస్ ట్వీడ్‌కి ఇవాళ్టికీ ఉన్నిలోనే రంగు వేస్తారు. రకరకాల రంగుల ఉన్నిని కలిపి వడుకుతారు గనక ఒకే దారంలో గోధుమరంగు, పచ్చ, ఇటికరంగు కలిసి కనిపిస్తాయి. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసం ఒక చట్టమే చేసింది. రంగు వేయడం, వడకడం ఆ దీవుల్లోనే జరగాలి, నేత నేతగాళ్ళ ఇళ్ళల్లోనే జరగాలి, లేకపోతే హారిస్ ట్వీడ్ అనే పేరు పెట్టుకోకూడదు. నువ్వు ఎప్పుడైనా అటు వెళ్తే ఆ కోటు ఒకటి చేత్తో పట్టుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూడు. కొనక్కర్లేదు, ఖరీదెక్కువ. దారంలో రంగులు కనపడితే నా మూడు గళ్ళ బోర్డు చెప్పలేని అర్థం నీకు తెలుస్తుంది.

ఈ మాట మనుషులకి ఎలా అంటుకుందో చూడు. 1597లో రిచర్డ్ హుకర్ అనే మతాచార్యుడు చర్చి చట్టాల మీద రాసిన పెద్ద గ్రంథం అయిదో సంపుటంలో పసితనాన్ని ఉన్నితో పోల్చాడు. ఆ వయసులో కాఠిన్యంలో నానిన పిల్లలకి ఆ రంగు పెద్దయ్యాక వదలకపోవచ్చునన్నది ఆయన మాట. అంటే తొలిరోజుల్లో ఇది పిల్లల పెంపకం గురించిన మాట. రాజకీయ పార్టీల గోల తరవాత వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఎన్నికల వేడి పెరిగాక, ఏం జరిగినా పార్టీ మారనివాణ్ణి డైడ్-ఇన్-ద-ఊల్ అనడం మొదలైంది. ఇప్పుడు మనం పత్రికల్లో చూసేది ఎక్కువగా ఆ రెండో అర్థమే. తల్లుల చేతుల్లోంచి జారి నాయకుల నోట్లో పడ్డ మాటన్నమాట. దాని తలరాత అలా ఉంది.

అడిగావు గనక వాడుక సంగతి కూడా చెప్పేస్తాను. నామవాచకానికి ముందు వస్తే నాలుగు మాటల మధ్యా అడ్డగీతలు పెట్టి ఒకే ముడి వేస్తారు, నువ్వు వేశావు, శభాష్. వాక్యం చివర వస్తే గీతలక్కర్లేదు. దీని ముందు 'వెరీ' పెట్టకూడదు. రంగు లోపలిదాకా పట్టిందని ఒకసారి అన్నాక ఇంకా ఎక్కువ పట్టడమేమిటి? నిన్నమొన్న పుట్టిన ఇష్టానికీ నప్పదు. పోయిన ఐపీఎల్‌లో ఒక జట్టుకి ఈలలు వేయడం మొదలుపెట్టినవాణ్ణి అలా అనకూడదు, ఆ జట్టు పదేళ్ళు ఓడినా వదలనివాణ్ణి అనొచ్చు. మెచ్చుకోలా దెప్పిపొడుపా అన్నది అనేవాళ్ళ గొంతుని బట్టి ఉంటుంది. 'ఆవిడ డైడ్-ఇన్-ద-ఊల్ రొమాంటిక్' అంటే ముచ్చట. అదే ఒక పార్టీ మనిషిని అంటే, ఎంత చెప్పినా వినడులే అని. ఉద్యోగం దరఖాస్తులో ఎవరైనా తమ గురించి తామే ఇలా రాసుకుంటే, నేను కొత్తవి నేర్చుకోను అని ముందే సంతకం పెట్టి ఇచ్చినట్టు, జాగ్రత్త. ఇక స్పెల్లింగు. చచ్చిపోవడం అనే 'డైడ్'కీ రంగు వేయడం అనే 'డైడ్'కీ పలుకు ఒకటే, రాత వేరు. మంచి మంచి వాళ్ళే ఒకదానికొకటి రాసేస్తుంటారు. న్యూజిలాండ్ రచయిత్రి నైయో మార్ష్ కావాలనే ఆ పొరపాటును 1945లో ఒక డిటెక్టివ్ నవలకి పేరుగా పెట్టేసింది. అందులో ఒక పార్లమెంటు సభ్యురాలి శవం ఉన్ని మూటలో దొరుకుతుంది. రాత్రి పూట చదవకు.

తెలుగులో దీనికి సరితూగే మాటేమిటని మీ అమ్మ చిన్నప్పుడు నన్నడిగేది. కరడుగట్టిన అంటే మనకి నేరస్థుడే గుర్తొస్తాడు. వీరాభిమాని అంటే సినిమా హాలు గుర్తొస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం, అది కోపమొచ్చినప్పుడు తీసే మాట, కూరలో ఉప్పు ఎక్కువైనంత మాత్రాన వాడేది కాదు. ఒక్కోచోట ఒక్కోటి వాడుకోవాలి. మన దగ్గర ఊలు లేక కాదు సుమా. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో గొంగళ్ళు నేస్తారు. కానీ ఆ ఉన్ని పుట్టుకతోనే నల్లన, దానికి అద్దకమే అక్కర్లేదు. అందుకేనేమో గొంగళి మన సామెతలోకి రంగు కోసం కాక, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం కోసం వచ్చింది. ఇప్పుడు మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెల్ని పెంచడం ఎక్కువై, ఆ నల్ల గొంగళ్ళూ తగ్గిపోతున్నాయి. కొన్నాళ్ళకి ఆ సామెత విని పిల్లలు, అన్నంలో వెంట్రుకలెందుకుంటాయి అని అడుగుతారు. అడిగితే మంచిదే, అడగకుండా బట్టీ పడితేనే నా బెంగ.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు బంగారూ. ఇంగ్లండుకి ఊలంటే ఎంత ప్రాణమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. చచ్చినవాళ్ళని కూడా ఊలు బట్టలోనే చుట్టి పూడ్చాలని 1666లో ఒక చట్టం, అది సరిగా సాగక 1678లో మరింత గట్టిది ఇంకోటి చేశారు. శవానికి చుట్టింది ఊలేనని ఎనిమిది రోజుల్లోగా ప్రమాణపత్రం ఇవ్వాలి, లేదా అయిదు పౌండ్ల జరిమానా. ఆ చట్టం పూర్తిగా రద్దయింది 1814లో. ఊలు మీద అంతమంది బతుకులు ఆధారపడి ఉన్నాయి మరి. అలాంటి దేశానికి, ఊలులో అద్దితే తప్ప రంగు నిలవదని నాలుక చివర ఒక జాతీయమే పెట్టుకున్న దేశానికి, మన ఊరి నుంచి ఒక వింత వెళ్ళింది.

1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ గ్లోబ్ అనే ఓడ నిజాంపట్నం రేవులో కొందర్ని దింపి బందరుకు, అంటే మన మచిలీపట్నానికి, వచ్చింది. వాళ్ళు ఇక్కడ చూసినవి నేసేసిన తెల్లని నూలు బట్టల మీద ఎరుపూ నలుపూ నీలమూ పువ్వులు వేసిన అద్దకాలు. దూదిలో కాదు, దారంలో కాదు, తానులో అద్దినవి. అయినా ఉతికితే పోవడం లేదు! ఎండకి వెలవడం లేదు. వాళ్ళ లెక్క ప్రకారం అన్నిటికంటే కచ్చా పద్ధతిలో అద్దిన బట్ట, వాళ్ళ ఊలు కోటు కంటే గట్టిగా నిలబడింది. ఆ శతాబ్దం చివరికి లండనులో మంచాల తెరలూ, ఆడవాళ్ళ గౌన్లూ మన తీరం నుంచీ గుజరాతు నుంచీ వెళ్ళిన అద్దకం బట్టలతో నిండిపోయాయి. ఊలు వాళ్ళూ పట్టు వాళ్ళూ గగ్గోలు పెడితే 1700లో అద్దిన నూలు బట్టల దిగుమతిని ఆపుతూ చట్టం చేశారు. అదీ చాలక 1719లో లండను నేతగాళ్ళు వీధుల్లో పడి, అద్దకం బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ గౌన్లు చింపేశారు. 1721లో ఆ బట్టలు కట్టుకోవడమే నేరమన్నారు. ఆ నిషేధం ఎత్తేసింది 1774లో, తమ దేశంలోనే నూలు బట్టలు తయారవడం మొదలయ్యాక. నేను ఈ చరిత్ర గర్వంగా చెప్పుకోవడానికి చెప్పడం లేదు. అప్పుడు మనవాళ్ళు ధనవంతులైపోయారనీ కాదు, దళారులకీ అప్పులకీ పోను అద్దకం వాళ్ళకి మిగిలింది తక్కువే. ఆ రంగు ఎలా నిలిచిందో నీకు చెప్పాలి, దానికోసం.

ఉన్ని వెంట్రుక జాతి, జంతువు ఒంటి మీద పెరిగింది. రంగుని తేలిగ్గా పట్టుకుంటుంది. పత్తి మొక్కది. దానికి చాలా రంగులు అసలు అంటవు, అంటినా రెండు ఉతుకుల్లో కాలవలో కలిసిపోతాయి. కాబట్టి మనవాళ్ళు రంగు గురించి కంటే బట్ట గురించి ఎక్కువ ఆలోచించారు. ఇప్పటికీ మన ఊరి పక్కనున్న పెడన వెళ్తే చూడొచ్చు. ముందు బట్టకున్న గంజీ జిడ్డూ పోయేదాకా తడిపి, ఉతికి, ఎండేస్తారు. తరవాత కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. పాతరోజుల్లో గేదెపాలు కూడా కలిపేవాళ్ళు, గీత వేస్తే చెదరకుండా నిలబడడానికి. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్ళు ఇప్పటికీ కలుపుతారు. కరక్కాయలోని వగరు నూలుని పట్టుకుంటుంది. దాని మీద టేకు అచ్చుతో, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన రసం అద్దితే, వగరూ ఇనుమూ కలిసి అక్కడికక్కడే నల్లగా తిరుగుతుంది. ఎరుపు రావాల్సిన చోట మాత్రం ఎర్రరంగు పెట్టరు నాన్నా. పటిక నీళ్ళు అద్దుతారు. పటికకి రంగు లేదు. ఎక్కడ అద్దామో తెలియడానికి కొంచెం ఏదైనా కలుపుకుంటారు, అంతే. కొన్నాళ్ళు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి ఎక్కువైన పటిక వదిలిస్తారు. అప్పుడు ఆ బట్టని చూస్తే నల్లగీతలు తప్ప ఏమీ కనపడదు. ఎరుపు ఎక్కడుందయ్యా అని అడగాలనిపిస్తుంది. దాన్ని తీసుకెళ్ళి పెద్ద రాగి కాగులో, ఎర్రరంగు నీళ్ళలో వేసి ఉడికిస్తారు. రంగు బట్టంతా తడుపుతుంది గానీ, పటిక ఉన్న చోట మాత్రమే ముడిపడుతుంది. మిగతా చోట కడిగితే పోతుంది. పువ్వు అప్పుడు బయటికి వస్తుంది.

ఆ ఎరుపు ఒకప్పుడు కృష్ణ ఇసుకనేలల్లో తవ్వి తీసిన చిరివేరు నుంచి వచ్చేది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు అలాంటి వేళ్ళలోని అసలు ఎరుపును, అలిజరిన్‌ను, ప్రయోగశాలలో తయారుచేశాక చిరివేరు తవ్వేవాళ్ళు తవ్వడం మానేశారు. ఇప్పుడు పెడనలోనూ ఎక్కువగా అలిజరినే. అచ్చులూ కాగులూ లేకుండా స్క్రీను మీద కొట్టేసి అదే పేరుతో అమ్మేవీ ఉన్నాయి, షాపులో తెలుసుకోవడం నాకే కష్టం. ఈ అద్దకం సంగతి పూసగుచ్చినట్టు రాసి ఐరోపాకి పంపినవాళ్ళలో ఒకాయన కూర్దూ అనే ఫ్రెంచి ఫాదిరీ. 1742లో, మన తీరంలోని అద్దకం పనివాళ్ళని అడిగి తెలుసుకుని, కరక్కాయా గేదెపాలూ దగ్గర్నుంచి ఉత్తరంలో రాశాడు. ఆయనే తెలుగు నేర్చుకుని తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చాడు, సంస్కృతానికీ గ్రీకు లాటిన్‌లకీ చుట్టరికముందని 1767లోనే పారిస్ పండితులకి రాశాడు. పెద్దవాడయ్యాక, ఇంకో దేశంలో నేర్చుకున్న భాష అది. ఈయన్ని జ్ఞాపకం పెట్టుకో, మళ్ళీ అవసరం వస్తాడు.

ఇందాక ఒక చిత్రముందన్నాను కదా. నేను బోర్డు మీద మూడు గళ్ళు గీసి డైడ్ ఇన్ ద ఊల్ చెప్పిన క్లాసుల్లో పెడన నుంచి వచ్చే పిల్లలుండేవాళ్ళు. పొద్దున్నే కాలవలో బట్టలు జాడించి, అచ్చులు పట్టుకుని, గోళ్ళ సందుల్లో నలుపుతో వచ్చి బెంచీల మీద కూర్చునేవాళ్ళు. రంగు ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు పోతుంది అన్నది ఆ జిల్లాలో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. నేను ఆ చేతులు చూసి, రేపట్నుంచి శుభ్రంగా కడుక్కుని రండి అన్నాను. ఎవరూ చూడని గొర్రె గురించి వాళ్ళకి అర్థం రాయించాను, వాళ్ళ చేతిలో ఉన్న విద్య గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఇంట్లో చేసిందీ అలాంటిదే. మీ అమ్మ ఇంగ్లీషు మీడియం బడిలో వెనకబడుతుందేమోనని ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే పలకరించాను. ఆ పలకరింపే నీదాకా వచ్చింది. నీకు పసితనంలో తెలుగు రంగు పడకపోతే అది నీ లోపం కాదు కన్నా, తొట్టె దగ్గర నిలబడ్డ పెద్దవాళ్ళం మేం.

కానీ 'వయసు దాటిపోయింది' అన్నావే, అది ఉన్నికి చెల్లుతుంది, నూలుకి చెల్లదు. ఇంగ్లీషు వాళ్ళ ఆ మాట గొర్రెల దేశంలో పుట్టింది గనక, మొదట పడ్డదే నిలుస్తుందని దాని నమ్మకం. నువ్వు పుట్టిన ఊరి అనుభవం వేరు. ఇక్కడ నేసి, ఉతికి, ఎండేసి, అన్నీ అయిపోయిన బట్ట మీద వేసిన పువ్వే సముద్రాలు దాటి వెళ్ళి నిలిచింది. డైడ్-ఇన్-ద-ఊల్ తెలుగువాడివి నువ్వు కాకపోవచ్చు, నిజమే. ఆ వాక్యంలో మొదటి సగం ఉంచుకో. రెండో సగం కొట్టేయమని నా మనవి. కూర్దూ ఫాదిరీకి తెలుగు ఏ వయసులో వచ్చిందో చూశావు కదా. ఆయనకి ఫోనులో ఊఁ కొట్టించే అమ్మమ్మ కూడా లేదు. నీకు నేనున్నాను. ఇన్నేళ్ళూ నువ్వు సగం అర్థమై సగం కాక విన్నదంతా ఏమైపోయిందనుకుంటున్నావు? పండగనాటి ఫోనుకాల్సూ, మీ తాతయ్య వెటకారాలూ, వేసవి సెలవల్లో వీధరుగు మీద ఇరుగమ్మల ముచ్చట్లూ, అవన్నీ నీలో ఎక్కడో పటికలాగా పడి ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను. బయటికి ఏమీ కనపడకపోతే లేదని కాదు. ఉడకడం ఒక్కటే మిగిలింది. అది మాత్రం నిన్ను నువ్వే కాగులో వేసుకోవాలి, నేను చేసి పెట్టేది కాదు.

ఇంకోటి. పుట్టుకతో పక్కా అని తమ గురించి తాము చెప్పుకునేవాళ్ళంటే నాకు కొంచెం భయం, తెలుగువాళ్ళైనా సరే, ఏ పార్టీ వాళ్ళైనా సరే. భాష విషయంలో అయినా అంతే, మా యాసే అసలు తెలుగు అని నీకు ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకో. బందరులో ఒకలా, నల్గొండలో ఒకలా, శ్రీకాకుళంలో ఇంకోలా ఉంటుంది, నీది డల్లాస్ మట్టిలో ఇంకోలా ఉంటుంది. ఉండనీ. నిజం చెప్పడంలో, మాట నిలబెట్టుకోవడంలో నువ్వు ఎంత పక్కాగా ఉన్నా నాకు ఆనందమే. మిగతా అభిప్రాయాల్లో, మార్చుకోవాల్సినప్పుడు మార్చుకునే మనసు నీకు దేవుడు ఇవ్వాలి. మంచి స్నేహాలు దొరకాలి. నీ కంటే ఎక్కువ తెలిసినవాడు చేతులకి రంగు పూసుకుని నీ ఎదురుగా కూర్చుంటే, అతన్ని ప్రశ్న అడిగే తెలివి నీకు ఉండాలి.

డిసెంబరు సెలవలకి వస్తావని అమ్మ అంది. వానలు తగ్గే కాలం, పెడనలో పని జోరుగా ఉంటుంది. ఇక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళొచ్చు, పొద్దున్నే బయల్దేరితే కాలవలో జాడించేవాళ్ళని చూస్తాం. మరకలైనా ఫరవాలేదనుకునే పాత చొక్కా ఒకటి తెచ్చుకో. నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పటికీ అద్దకం చేయిస్తున్నాడు, ఇంతకుముందు అడగని ప్రశ్నలన్నీ ఈసారి నువ్వూ నేనూ కలిసి అడుగుదాం. ఈలోపల నాకొక ఉత్తరం రాయి, తెలుగులో, నీ చేత్తో. అమ్మ చేత దిద్దించకు. ఒత్తులు పోనీ, ల కీ ళ కీ తేడా తెలియకపోనీ, మాట దొరకని చోట ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో రాసెయ్. ఎర్రసిరా కలం నేను పెట్టెలో పెట్టేశాను.

శతమానం భవతి. వేళకి తిను, నిద్ర పాడుచేసుకోకు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ
మచిలీపట్నం